పొట్ట మీద దిగిన విమానం

ఫిబ్రవరి 3

చెల్లీ,

క్షేమమా అని అడగను. యజమానికి కావలసినవాళ్లు ఎప్పుడూ క్షేమంగానే ఉంటారు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నేను రెండో మాట ఎత్తుకునేలోపే "సరేలే అక్కా, డ్యూటీ టైమైంది" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని చించగలవు గానీ మధ్యలో దాని నోరు మూయించలేవు. అందుకే రాస్తున్నాను. చించాలనుకుంటే చివరిదాకా చదివి చించు.

మీ కంపెనీలో పైలట్లు పదకొండుమంది. రోజుకి నాలుగు ట్రిప్పులే, ఐదోది ఎగరం అని పదిమంది చేతులెత్తారు. గనుల ఊరికీ మీ ఊరికీ మధ్య ఆ తొమ్మిది సీట్ల డబ్బాని పొద్దుణ్ణించి ఐదుసార్లు తిప్పాక ఏ మనిషి బుర్రా పనిచెయ్యదని వాళ్లు రాసుకున్న వినతిపత్రం మా ప్రెస్సులోనే అచ్చయింది. ప్రూఫులు దిద్దింది నేనే. అది మీ యాజమాన్యం చేతికి అందిన సాయంత్రమే ఐదో ట్రిప్పు ఎగిరిందట. ఎవరా పుణ్యాత్మురాలు అని అడిగితే మీ పైలట్ల సంఘం ఆయన ఫోనులో కాసేపు నసిగి, "మీ చెల్లెలుగారేనండీ" అన్నాడు.

నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఆ పూట ముందున్న కాగితాల్లో ఇంకే తప్పూ కనబడలేదు నాకు.

ఎందుకు ఎగిరావని అడగను. అడిగితే ఏదో ఒక కారణం చెబుతావు. సమ్మె విరగ్గొట్టినవాళ్లలో కారణం లేనివాళ్లు ఎవరున్నారు గనక! పదిమంది ఒక మాట మీద నిలబడితే వాళ్ల భుజాల మీద కాలేసి నువ్వు పైకెగిరావు. పైనుంచి చూస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారటగా, బహుశా అదే నీ జబ్బు. ఇరవయ్యేళ్లు ఎగిరావు, నీకు ఎత్తు తెలిసింది గానీ వెన్నెముక తెలియలేదు.

ఇంకా ఇలా సంతకం పెడుతున్నందుకు సంతోషించు.

మీ అక్క

*

ఫిబ్రవరి 19

ప్లీడరీ చదవకుండానే వాదించే ప్లీడరమ్మక్కకి,

నీ ఉత్తరం అందింది. దాని సంగతి తర్వాత. ముందు ఇది చదువు, కూర్చుని చదువు.

పన్నెండో తారీఖున గనుల ఊళ్లో విమానాన్ని పొట్ట మీద దించాను. చక్రాలు దించడం మర్చిపోయాను. ఏడుగురు ప్రయాణికులు, ఒక్కరి ఒంటి మీదా గీత పడలేదు. రెండు ప్రొపెల్లర్లూ వాడిపోయిన ఆకుల్లా వెనక్కి ముడుచుకున్నాయి. కింద రేకు గీసుకుంటూ పోతున్న చప్పుడు ఇంకా నా పళ్లలో ఉంది. ఆగాక గనుల సర్వేయరొకాయన బ్యాగు తీసుకుని తలుపులోంచి నేల మీదికి అడుగేసి, "ఇవాళ మెట్లు అక్కర్లేదేంటి?" అన్నాడు. ఏం జరిగిందో ఆయనకి తెలియనే లేదు.

మా పనిలో ఒక పద్ధతుంది. దిగే ముందు చెక్‌లిస్టు పైకి చదవాలి, చదివినదాన్ని చేత్తో ముట్టుకోవాలి. ఇంధనం, ముట్టుకో. చక్రాలు, లివరు దించు, మూడు పచ్చదీపాలు వెలిగాయో లేదో చూడు. మా డబ్బాలో రెండో పైలట్ ఉండడు కాబట్టి ప్రశ్నా నాదే, జవాబూ నాదే. మధ్యలో ఎవరైనా ఆపితే మళ్లీ మొదటినుంచి చదవాలి, ఆగిన చోటునుంచి అందుకోకూడదు. ఇది మొదటి వారంలో చెప్పే పాఠం. పదహారుమందికి నేనే చెప్పాను. ఆ రోజు నేను చక్రాల దగ్గర ఆగి, చక్రాల తర్వాతినుంచి అందుకున్నాను.

మరి హారన్ మోగలేదా అని అడుగుతారు అందరూ. మోగింది. ఇంజన్ల జోరు తగ్గించేసరికి చక్రాలు దిగకపోతే అది మోగుతుంది. కానీ ట్రిప్పుల టైము కలవడానికి మేం పైనుంచే జోరు తగ్గించి గబగబా దిగిపోతాం, అందుకని రోజూ అది అకారణంగా అరుస్తుంది, రోజూ దాని బొత్తాం నొక్కి నోరు మూయిస్తాం. ఆఖర్న మళ్లీ అరిచింది. విన్నాను. విని ఊరుకున్నాను.

మామూలుగా అయితే ఆ సమయానికే కౌంటరు నుంచి రేడియోలో పిలుస్తారు: ఎంతమంది, ఎన్ని పెట్టెలు, ఎన్ని నిమిషాల్లో తిరుగు ప్రయాణం. మా పెద్ద పైలట్ పెట్టిన పద్ధతి అది. ఆయన్ని మేం గడియారం అంటాం. నన్నిప్పుడు అందరూ ఎందుకు మర్చిపోయావని అడుగుతున్నారు. ధ్యాస తప్పింది, అంతే. అంతకన్నా చెప్పలేను.

లైసెన్సు తీసి పెట్టుకున్నారు. మార్చి 18న విచారణ. అది పోతే నలభై ఆరేళ్ల వయసులో నాకు వచ్చిన ఒక్క పనీ పోయినట్టే.

పిట్ట

*

ఫిబ్రవరి 24

పిట్టా,

బతికావు. ఈ మాట నాలుగు రకాలుగా రాసి నాలుగుసార్లూ కొట్టేశాను. నాకు చేతకాని రాతలు కొన్ని ఉన్నాయి. నీ ఉత్తరం ప్రెస్సులో నిలబడి చదివాను, కూర్చోమన్నావని గుర్తొచ్చేసరికి మా కంపోజిటరు స్టూలు వేశాడు.

సరే, ఇక చేతనైన రాతకొస్తాను.

"ధ్యాస తప్పింది" అట! ధ్యాస దానంతటది తప్పుతుందటే పిచ్చిమొహమా? ఒక మనిషి పొట్ట కోసి ఆపరేషన్ చేస్తున్న డాక్టరు మోచెయ్యి పట్టి గుంజి, "తర్వాతి పేషెంటు ఎన్ని నిమిషాల్లోనండీ?" అని అడిగితే, కత్తి పక్కకి పోతే, అది డాక్టరు పరధ్యానమా? నేల వైపు నిమిషానికి ఇన్ని వందల అడుగులు దిగుతున్న మనిషి చెవిలో పెట్టెల లెక్క అడిగే మహానుభావుణ్ణి వదిలేసి, అడిగించుకున్నదాన్ని బోనులో నిలబెడతారన్నమాట. మోగిన ప్రతిసారీ అబద్ధం చెప్పేలా హారన్‌కి వాళ్లే తర్ఫీదిస్తారు, అది ఒక్కసారి నిజం చెబితే ఎందుకు నమ్మలేదని నిన్నడుగుతారు.

విచారణలో ఎవరెవరు కూర్చుంటారో కనుక్కున్నాను. ఒకడు మీ కంపెనీవాడు, ఒకడు బీమావాడు, మూడో ఆయన పదిహేనేళ్ల క్రితం రిటైరైనాయన. ముగ్గురివీ మంచి కుర్చీలు. కుర్చీలకి చక్రాలు దించే పని ఉండదు కాబట్టి వాళ్ల ధ్యాస ఎప్పుడూ తప్పదు.

ఈ వారం నేను దిద్దుతున్నది నిద్రమాత్రల డబ్బాలో పెట్టే కాగితం. "ఇవి వేసుకుని యంత్రాలు నడపరాదు" అని పెద్దక్షరాలతో ఉంది. ఒక మాత్రకి ఉన్న పాటి నిజాయితీ మీ కంపెనీకి లేదు. ఐదో ట్రిప్పు వేసుకుని యంత్రాలు నడపరాదని ఎక్కడైనా రాసిందా?

నువ్వు సమ్మె విరగ్గొట్టిన మాట నేను మర్చిపోలేదు. అది వేరే పద్దు. కానీ నిన్ను తిట్టే హక్కు నాది, గడియారానిది కాదు.

మా ప్రెస్సులో వేసే మన కార్మికుల పత్రికకి వ్యాసం రాసేశాను. పేరు "చెవిలో యజమాని". నీ పేరు పెట్టలేదు, నీ ఉత్తరంలోని రేడియో సంగతి మాత్రం వాడుకున్నాను. సోమవారం అచ్చుకెళుతుంది. విచారణకి ముందే జనం చదవాలి.

అన్నం మానెయ్యకు.

అక్క

*

ఫిబ్రవరి 27

అక్కా,

అచ్చెయ్యకు.

రేడియో మోగడం వల్ల మర్చిపోయానని నేనెక్కడ రాశాను? "మామూలుగా అయితే" అని రాశాను. నువ్వు ఊరి వాళ్ల ప్రూఫులన్నీ అక్షరం అక్షరం చదువుతావు, నా ఉత్తరం మాత్రం నీకు కావలసింది దొరికేదాకా చదివి అక్కడ ఆపేస్తావు.

విమానం గురించి నీకేం తెలుసని? నువ్వు నా విమానం ఎక్కింది ఒకేసారి. ఎక్కినంతసేపూ కళ్లు మూసుకుని నా సీటు వీపు పట్టుకున్నావు. దిగాక "ఇది కార్మికుల రవాణా సాధనం కాదు" అని తీర్పు చెప్పావు. అలాంటిదానివి దిగే ముందు మూడు నిమిషాల్లో పైలట్ బుర్రలో ఏముంటుందో నాకు పాఠం చెబుతున్నావు!

ఇంకో సంగతి. కౌంటరులో పిలిచేది యజమాని కాదు, ఒకావిడ. కిటికీ అద్దం పగిలిన గదిలో, రెండు స్వెటర్లు వేసుకుని, ఒక చేత్తో టిక్కెట్లు చించుతూ ఇంకో చేత్తో రేడియో పట్టుకుంటుంది. నీ వ్యాసంలో ఆవిడ ఎక్కడుంది?

ఈ ఉత్తరం అందగానే ఆపు. మిగతాది తర్వాత చెబుతాను.

పిట్ట

*

మార్చి 4

పిట్టా,

నీ ఉత్తరం వచ్చేసరికి పత్రిక కట్టలు పోస్టాఫీసుకి చేరిపోయాయి. ముందే వచ్చుంటే మాత్రం ఆపేదాన్నా? ఆపేదాన్ని కాదు.

నీ భయం నాకు తెలుసు. నువ్వు నిజం ఒప్పుకుంటే కంపెనీ కక్షగడుతుందని "మామూలుగా", "అప్పుడప్పుడు" అని మాటలు నములుతున్నావు. నమలడం ఆపు. వ్యాసాన్ని రెండు దినపత్రికలు ఎత్తి వేసుకున్నాయి. నిన్న మీ కంపెనీ ప్రకటన కూడా వచ్చింది, చూశావా? "దిగుతున్న పైలట్‌ని రేడియోలో పిలవాలన్న నియమమేదీ మా సంస్థలో లేదు. కౌంటరు ఉద్యోగిని సొంత చొరవతో పిలుస్తున్నట్టు తెలిసి ఆమెను విధుల నుంచి తప్పించాం."

ఆహా! సొంత చొరవ! పెట్టెల లెక్క మీద ఆవిడకి పుట్టుకతో వచ్చిన మోజు కాబోలు, పాపం. ఇంత సిగ్గులేని ప్రకటన నా ముప్పయ్యేళ్ల ప్రెస్సు బతుకులో దిద్దలేదు. ఒక్క అచ్చుతప్పు లేదు, ఒక్క నిజం లేదు.

ఆవిడ గురించి బెంగపడకు. వచ్చే సంచికలో ఆవిడ మీద కూడా రాస్తాను. పెద్ద పోరాటంలో కొన్ని దెబ్బలు తగులుతాయి. ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటే. విచారణలో నిలబడి, "రేడియో మోగింది, నా చేతిని ఆపింది" అను. నీ లైసెన్సూ నిలబడుతుంది, గడియారం పీడా వదులుతుంది.

అక్క

*

మార్చి 8

అక్కా,

నిన్న కౌంటరావిడ మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి సంచీలోంచి నీ వ్యాసం కత్తిరింపు తీసింది. "ఇది మీ అక్కగారేనటగా? బాగా రాస్తారండీ. నా సంగతి తప్ప అన్నీ నిజాలే" అంది.

కత్తిరింపు మడిచి మళ్లీ సంచీలో పెట్టుకుంది. "ఆ రోజు నేను పిలవలేదు కదా మేడమ్? మీకు తెలుసు కదా?" అంది.

తెలుసు. ఆ రోజు గాలి అడ్డంగా కొడుతోంది. బయట జెండా గుడ్డ పెళపెళలాడటం చూసి, నన్నిప్పుడు కదపకూడదని ఆవిడ రేడియో పక్కన పెట్టేసింది. పిలవకపోతే గడియారంతో చీవాట్లు తప్పవని తెలిసే పెట్టేసింది. నా చుట్టుపక్కల మనుషులందరిలో ఆ మూడు నిమిషాలు నన్ను ప్రశాంతంగా వదిలేసింది ఆవిడొక్కతే. ఆ రేడియోకి రికార్డింగు లేదు. ఆవిడ పిలవలేదన్న సంగతి ఆవిడకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

మరి ఎవరు పిలిచారు? చెబుతాను. నువ్వు.

నీ ఫిబ్రవరి మూడో తారీఖు ఉత్తరం నాకు పన్నెండో తారీఖు పొద్దున అందింది. మూడో ట్రిప్పుకి పెట్టెలు ఎక్కిస్తుంటే కాక్‌పిట్‌లో కూర్చుని చదివాను. జేబులో పెట్టుకున్నాను. అరగంట ప్రయాణం, అరగంటా నీతో పోట్లాడాను. చేతులెత్తినప్పుడు నేను గాల్లో ఉన్నానే, నాలుగో ట్రిప్పులో. దిగేసరికి బోర్డు మీద ఐదో ట్రిప్పుకి నా పేరుంది, ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎగిరాను. తిరిగొచ్చాక పదిమందీ టీ మెషీను దగ్గర నాకు వీపులు చూపించారు. వాళ్లెవరూ అడగలేదు. నువ్వు అడగను అని రాసి మరీ అడగలేదు.

రన్‌వే కనబడుతోంది. "ఇంధనం" అన్నాను, ముట్టుకున్నాను. "చక్రాలు" అన్నాను. చెయ్యి లివరు దాకా వెళ్లింది. సరిగ్గా అప్పుడే నీ వెన్నెముక వాక్యానికి జవాబు దొరికింది. అబ్బ, ఎంత బాగా దొరికిందనుకున్నావు! నీకు వారం రోజులు నిద్ర పట్టనంత బాగా. దాన్ని మొదటినుంచి చివరిదాకా కట్టుకుని, తృప్తిపడి, చెయ్యి వెనక్కి తీసుకుని, లిస్టులో తర్వాతిది, "ఫ్లాపులు" అన్నాను. హారన్ అరుస్తూనే ఉంది. నాకు మాత్రం నా గొంతే వినబడుతోంది.

ఇప్పుడు ఆ జవాబేమిటో ఒక్క ముక్క గుర్తులేదు.

పద్దెనిమిదో తారీఖే విచారణ, మారలేదు. ఇదే చెబుతాను.

పిట్ట

*

మార్చి 11

పిట్టా,

రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడానికి ధైర్యం చాలలేదు.

అయినా కొన్ని మాటలు చెప్పాలి. నువ్వు చెప్పేదంతా నిజమే అనుకో. రోజుకి నాలుగు ట్రిప్పులే తిరిగే మనిషి బుర్ర అయితే మూడో ట్రిప్పులో నా ఉత్తరాన్ని జేబులోనే ఉంచేది. రోజూ ఐదు తిరిగి అలిసిపోయిన బుర్రే జేబులోంచి బయటికి తీస్తుంది. అంటే అసలు నేరం అలసటది, అలసట కంపెనీది. ఈ గొలుసులో నేను చివరి లంకెని మాత్రమే. విచారణ కమిటీకి ఈ గొలుసు కనబడదు. "మా అక్క మీద కోపంతో" అన్నావంటే చాలు, వాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఆడవాళ్ల తగాదా అని నవ్వుకుంటూ ఫైలు మూసేస్తారు. గడియారం తప్పించుకుంటాడు. నీ లైసెన్సు పోతుంది. పదిమంది పోరాటం నవ్వులపాలవుతుంది.

రేడియో మోగిందని అబద్ధం చెప్పమనడం లేదు. మోగలేదని కూడా చెప్పనక్కర్లేదు. "గుర్తులేదు" అను. ఒక్క మాట. కౌంటరావిడకి ఏదో ఒకటి చూద్దాం, మా బైండింగు గదిలో మనిషి కావాలంటున్నారు.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా రాసి మళ్లీ చదువుకున్నాను. మీ కంపెనీ ప్రకటనలా ఉంది. ఒక్క అచ్చుతప్పు లేదు. అయినా పోస్టు చేస్తున్నాను, ఎందుకంటే నీ లైసెన్సు పోతుందంటే నాకు భయంగా ఉంది.

అక్క

*

మార్చి 20

అక్కా,

నీ ఉత్తరం విచారణకి ముందురోజు అందింది. ఈసారి జేబులో పెట్టుకోలేదు, ఇంట్లో పెట్టి వెళ్లాను.

పొడుగాటి గది, మధ్యలో బల్ల, బల్ల మీద ముడుచుకున్న నా ప్రొపెల్లరు ఫోటో. ఆ చివర గడియారం కూర్చుని చేతి వాచీ చూసుకుంటున్నాడు. బీమా ఆయన అడిగాడు, "మీ ధ్యాస ఎటు పోయిందమ్మా?"

"మా అక్క మీదికండీ."

"ఆవిడ విమానంలో ఉన్నారా?"

"లేరండీ. మూడొందల మైళ్ల అవతల ప్రూఫులు దిద్దుతున్నారు."

నవ్వారు. నువ్వు చెప్పినట్టే నవ్వారు. తర్వాత కంపెనీ ఆయన రేడియో సంగతి ఎత్తాడు. "ఆ రోజు మోగలేదండీ. రోజూ మోగుతుంది. ఆ ఒక్క రోజే ఆవిడ గాలి చూసి, నియమం పక్కన పెట్టి ఊరుకుంది" అన్నాను.

గడియారం లేచాడు. "అలాంటి నియమమే లేదని రాతపూర్వకంగా చెప్పాం కదా!"

"లేని నియమాన్ని ఆవిడ తప్పినట్టూ కాదు, పాటించినట్టూ కాదు. మరి ఎందుకు తీసేశారు సార్?"

వాచీ చూసుకున్నాడు పాపం. రిటైరైనాయన అంతసేపూ కళ్లు మూసుకుని ఉన్నవాడు కళ్లు తెరిచి, "ఆవిణ్ణి రేపట్నుంచి రమ్మనండి" అన్నాడు. ఆయన్ని నువ్వు కుర్చీ అన్నావు. ఆ ఒక్క మాటకి మినహాయించు.

నాకు ఆర్నెల్లు లైసెన్సు నిలిపేశారు. తర్వాత మళ్లీ పరీక్ష. పాసైతే ఎగరొచ్చు, తప్పితే శాశ్వతంగా నేల మీదే. అందాకా హ్యాంగరులో విడిభాగాల గదిలో చీటీలు రాసే పని.

మిగతాదానికి కడుపారా తిట్టుకో. రేడియో పిలుపు ఆపించమని అడిగితే, లేని నియమాన్ని రద్దు చెయ్యడం కుదరదన్నారు. కాబట్టి అది ఇప్పటికీ మోగుతోంది. హారన్ గురించి అక్షరం రాయలేదు. నివేదికలో కారణం అన్న గడిలో "పైలట్ వ్యక్తిగత ఆలోచనలు" అని రాశారు. ఇవాళ్టి నుంచి కొత్త కాగితం వచ్చింది. ప్రతి ట్రిప్పుకీ ముందు పైలట్లందరూ "నా మనసు ప్రశాంతంగా ఉంది" అని సంతకం పెట్టాలి. ఆ సంతకాల వల్ల మూడో ట్రిప్పు పావుగంట లేటైందని గడియారం కేకలేస్తున్నాడు.

పిట్ట

*

మార్చి 29

చెల్లీ,

మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన, నా పేరుతో ఇది వేశాను. ఇక్కడ నకలు రాస్తున్నాను, తపాలాలో పత్రిక లేటవుతుందని:

"గత సంచికలో నేను రాసిన 'చెవిలో యజమాని' అన్న వ్యాసానికి సవరణ. ప్రమాదం జరిగిన రోజు పైలట్ చెవిలో ఉన్నది యజమాని కాదు, నేను. సంగతి కనుక్కోకుండా ఆమెకు రాసిన ఒక ఉత్తరం ఆమె చేతిని లివరు దగ్గర ఆపింది. సంగతి కనుక్కోకుండా రాసిన నా వ్యాసం వల్ల ఒక కౌంటరు ఉద్యోగిని పదిహేను రోజులు పని పోగొట్టుకుంది. నన్ను క్షమించమని ఆమెను అడుగుతున్నాను. మిగతా రోజులన్నిట్లో చెవిలో ఉన్నది యజమానే. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు."

మా సంపాదకవర్గంలో ఇద్దరు వద్దన్నారు. శత్రువుకి ఆయుధం ఇస్తున్నామట. "ఏం పర్లేదు, నేనే ఇచ్చుకుంటాను, బరువు నాకు తెలుసు" అన్నాను. ఒకాయన రాజీనామా ఇచ్చాడు. పోతూ పోతూ నన్ను వెన్నెముక లేనిదానివన్నాడు. ఆ మాట తగిలితే ఎలా ఉంటుందో తెలిసింది. రాత్రికి జవాబు దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు.

మీ సంఘం ఆయనకి ఫోను చేసి నువ్వు గాల్లో ఉన్న సంగతి చెప్పాను. "అయ్యో, మేమెవరం అడగలేదండీ" అన్నాడు. "నేనూ అడగలేదులెండి" అన్నాను. ఇద్దరం మేధావులమే. ప్రశాంతత కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకూడదని తీర్మానించారట. ఆ తీర్మానం ప్రూఫులు నాకు పంపొద్దని చెప్పాను. నాకు నవ్వాగదు.

ఈ ఆర్నెల్లూ నేను రాయను. నీ బుర్రలో నా గొంతుకి కొంత సెలవివ్వాలి. నువ్వే పరీక్షయ్యాక రాయి.

అక్క

*

సెప్టెంబర్ 26

అక్కా,

నిన్న పరీక్ష అయింది.

పరీక్షకుడు గుమ్మటంలాంటి మనిషి, పక్క సీట్లో పట్టక మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఒళ్లో నా ఫైలు. విచారణ కాగితాలన్నీ చదివే వచ్చాడు. మూడుసార్లు ఎగరమన్నాడు, మూడుసార్లు దిగమన్నాడు. ధ్యాస చెదరగొట్టడం వాళ్ల పరీక్షలో భాగమే. మొదటిసారి దిగేటప్పుడు పెన్ను కింద పడేసి తీసిమ్మన్నాడు. తియ్యలేదు. రెండోసారి ఎడమ తలుపు సరిగ్గా పడలేదన్నాడు. చూడలేదు.

మూడోసారి గాలి అడ్డంగా కొట్టింది. "ఇంధనం" అన్నాను. ముట్టుకున్నాను. "చక్రాలు" అన్నాను. చెయ్యి లివరు మీదికి వెళ్లింది. అప్పుడు ఆయన నా చెవి దగ్గరికి వంగి, చాలా మర్యాదగా, "అన్నట్టు, మీ అక్కగారితో మాటలున్నాయా ఇప్పుడు? ఆర్నెల్లుగా ఉత్తరాలు లేవట కదా?" అన్నాడు.

ఆర్నెల్లు లేవని ఆయనకెవరు చెప్పారో తెలియదు. హ్యాంగరులో అందరికీ తెలుసులే. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. నిజంగా ఆగింది అక్కా. ఆయనకి ఏం చెప్పాలో ఒక వాక్యం తయారవడం కూడా మొదలైంది.

"నోరు ముయ్యండి సార్" అన్నాను.

ఇరవయ్యేళ్లలో ఏ పై అధికారినీ ఆ మాట అనలేదు. అని, చేతిని వెనక్కి తీసుకుని, మళ్లీ మొదటినుంచి చదివాను. ఇంధనం. చక్రాలు. లివరు దించాను. మూడు దీపాలూ వెలిగాయి, ఒకటీ రెండూ మూడూ అని వేలుపెట్టి చూశాను. హారన్ మోగలేదు. దిగాను. ఆ గాలికి కుదిపింది బాగానే, ఆయన మోకాలు గడ్డానికి తగిలింది.

ఇంజన్లు ఆపాక, "ఇప్పుడు అడగండి సార్, చెబుతాను" అన్నాను. ఆయన గడ్డం రుద్దుకుంటూ ఫైలు తెరిచి రాస్తున్నాడు. నేను పక్కకి వంగి చదివాను. "అభ్యర్థి ప్రవర్తన" అన్న గడిలో "అనుచితం" అని రాశాడు. దాని కింద "ఫలితం" అన్న గడిలో "ఉత్తీర్ణత" అని రాసి సంతకం పెట్టాడు.

పిట్ట